బండిది ఎవరి గోత్రం?

ఇరవై ఏళ్ళు ఒకరి టాక్సీ తోలిన గవర్రాజు, సామాన్యుడికీ అందుబాటు ధరలో ఎలక్ట్రిక్ కారు వచ్చిందంటే నమ్మి, కంపెనీవాళ్ళు చూపించిన చోటల్లా వేలిముద్ర వేసి ఒకటి తెచ్చాడు. భార్య పైడమ్మతో గుడి ముందు వాహనపూజకి నిలబడి, చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాడు.

"యజమాని పేరు, గోత్రం చెప్పు నాయనా," అన్నారు పంతులుగారు.

గవర్రాజు నోరు తెరిచేలోపు కారే పలికింది. "బండి తయారీ కంపెనీది. బ్యాటరీ మరో కంపెనీది. సీట్లు అద్దెవి. గవర్రాజు గారికి తోలే అనుమతి మాత్రమే ఉంది."

"ఛీ, దీని నోరు పడిపోను!" అంది పైడమ్మ.

పంతులుగారు మాత్రం తొణకలేదు. "ఆ కంపెనీల గోత్రాలు నాకు కంఠతా వచ్చులే. పొద్దుట్నుంచి ఇది పదకొండో బండి."

"మరి నా పేరు?"

"చివర్న సేవకుల్లో కలిపేస్తాను."

గవర్రాజు గబుక్కున వంగి, చక్రాల కింద నిమ్మకాయలన్నీ ఏరి పైడమ్మ కొంగులో పోశాడు.

"దిష్టి తగుల్తుందయ్యా!" అన్నారు పంతులుగారు.

"తగిల్తే కంపెనీవాళ్ళకే తగుల్తాది, ఆళ్ళదేగా బండి! ఈ కాయలొక్కటే నాయి. పదవే, ఇంటికెళ్ళి పులిహోర కలుపుదువుగాని."