మామ్మ వాళ్ళ అమ్మ

మండవల్లిలో చేపల చెరువు పక్కనున్న గదిలో కృష్ణప్రియ బొమ్మలు వేస్తుంది. ఆ సాయంత్రం పొద్దుగూకాక, ఊళ్ళో అందరూ మామ్మ అని పిలిచే వీరరాఘవమ్మను తీసుకొచ్చి, కొత్త బొమ్మ ముందు కుర్చీలో కూర్చోబెట్టింది.

మామ్మ నెలల పిల్లగా ఉండగానే ఆవిడ తల్లి కొల్లేట్లో పడవ మునిగి చనిపోయింది. ఫోటో ఒక్కటీ లేదు. అందుకే కృష్ణప్రియ మామ్మ ముఖమూ, ఆవిడ పిల్లల, మనవల ముఖాలూ చూసి, జన్యువులు తల్లి నుంచి బిడ్డకు దిగివచ్చిన దారిలో రంగులతో వెనక్కి వెళ్ళి, ఒక ముఖం గీసింది.

"ఈవిడేనా మా అమ్మ?" అంది మామ్మ.

"అయ్యుండొచ్చు మామ్మా. మీ అందరి పోలికలూ కలిపి వేశానండి."

మామ్మ చాలాసేపు చూసింది. "ఎంత చిన్నపిల్లే, పాపం," అంది.

అంతలో కరెంటు పోయింది. చెరువులో నీళ్ళు చిలికే ఏరేటర్ల హోరు ఆగిపోయింది. కృష్ణప్రియ తడుముకుంటూ గుమ్మం దగ్గరకు వెళ్ళి, సంచిలోంచి ఫోన్ తీసింది.

వెనక చీకట్లో, జుట్టులో దువ్వెన కదులుతున్న చప్పుడు వినిపించింది.

"మెల్లగా దువ్వవే, చిక్కులున్నాయి," అంది మామ్మ నవ్వుతూ. "నీ చేతులేమిటి, ఇంత చల్లగా ఉన్నాయి?"

కృష్ణప్రియ గుమ్మం దగ్గరే ఉంది. గదిలో ఇంకెవరూ లేరు. ఫోన్‌లో టార్చి నొక్కబోయింది. మామ్మ గొంతు మళ్ళీ వినిపించింది. ఎనభై దాటిన ఆ గొంతు పసిపిల్ల గొంతులా ఉంది.

"ఇంకాసేపు దువ్వవూ?"

కృష్ణప్రియ వేలు తీసేసింది. దువ్వెన చప్పుడు ఆగలేదు.