మోకాలి మీద అర నిమిషం

పందెం రేపనగా హాస్కిన్ బండి కింద పడి కాలు విరగ్గొట్టుకున్నాడు.

హాస్కిన్ కొట్లాడేవాడు కాదు. పందెంలో దిగే పాస్కోకి మోకాలు పట్టేవాడు.

పిడిగుద్దుల పందెంలో మనిషి పడితే రౌండు అయిపోయినట్టే. పడ్డవాణ్ణి తన మోకాలి మీద కూచోబెట్టుకుని, నీళ్లు తాగించి, స్పాంజితో నెత్తురు తుడిచి, అర నిమిషంలో మళ్లీ బరి మధ్య గీత దగ్గరికి పంపడానికి ఒకడుండాలి. వాడు స్పాంజి పైకి విసిరాడా, మనిషి ఓడినట్టు.

"నా మోకాలుంది," అన్నాడు సారాకొట్లో నేల తుడిచే ముసలాయన.

వారం కింద కాలినడకన నెవాడా కొండలు దాటి వచ్చాడు. పేరెవరూ అడగలేదు.

కొట్టంతా గొల్లుమంది.

"తాతా, నిన్ను కూచోబెట్టడానికే ఇంకో మోకాలు కావాలి!"

పాస్కో నవ్వలేదు. చర్మం మొద్దుబారాలని ఉప్పునీళ్లలో నానబెట్టిన పిడికిళ్లు బయటికి తీశాడు.

"ఇంతకుముందు పట్టావా?"

"ఒక్కసారి."

"మనవాడు గెలిచాడా?"

ముసలాయన చీపురు వంక చూశాడు. "లేదు."

"పోనీలే తాతా. రేపు గెలుద్దాం."

పాస్కో గెలిచి తీరాలి. పన్నెండేళ్లుగా వెండి గనిలో రాతిపొడి పీలుస్తున్నాడు. ఆ పొడికే దగ్గీ దగ్గీ వాళ్ల నాన్న పోయాడు. పెళ్లాం తమ్సిన్‌కి ఎనిమిదో నెల. గెలిస్తే నది ఒడ్డున నాలుగెకరాలు కొంటానని, ఇక గనిలోకి దిగనని ఆమెకి మాటిచ్చాడు. ఈ కొట్లాట అతనికి సరదా కాదు. గనిలోంచి పైకి రావడానికి నిచ్చెన.

మర్నాడు ఆదివారం. ఇలాంటి పందేలు చట్టానికి విరుద్ధం గనక, షెరీఫు కంట పడకుండా వాగు అవతల ఇసుకలో కొయ్యలు పాతి తాళ్లు కట్టారు. కంపెనీ బాబులు బగ్గీల్లో కూచుని చుట్టలు ముట్టించారు. ఇద్దరు కూలోళ్లు ఒకరి మూతి ఒకరు పగలగొట్టుకుంటుంటే వాళ్లకి కాలక్షేపం.

పాస్కో తన ఎర్ర రుమాలు కొయ్యకి కట్టాడు. ఓడితే అది ఎదటివాడిదవుతుంది.

ఎదటివాడు గెరటీ. ఐర్లండు నుంచి వచ్చిన గని కూలీ. అప్పటికే ఏడు రుమాళ్లు గెలిచినవాడు.

పదో రౌండుకి పాస్కో ఎడమ కన్ను మూసుకుపోయింది.

ముసలాయన మోకాలు మాత్రం బండరాయిలా కదల్లేదు. చెవిలో అన్నాడు: "కుడిచెయ్యి లేపేముందు వాడు పెదవి కొరుకుతాడు. అప్పుడు వంగు."

పాస్కో వంగాడు. గెరటీ పిడికిలి గాలిని గుద్దింది. పాస్కో దెబ్బకి గెరటీ పడ్డాడు. మళ్లీ పడ్డాడు. జనం వెర్రెత్తిపోయారు.

"నీకెలా తెలుసు తాతా?"

"చూశాను."

ముప్ఫై ఎనిమిదో రౌండులో పాస్కో ఆ పెదవి చూడలేకపోయాడు. రెండో కన్నూ మూసుకుపోతోంది. చెవి పక్కన దెబ్బ పడింది.

మోకాలి మీద కూచున్నాక ముసలాయన అడిగాడు: "మీ ఆవిడ పేరేంటి?"

పాస్కో నోరు తెరిచాడు. నాలుక చివరే ఉంది. రాలేదు.

"అదంతా ఎందుకు? ఇంకొక్క రౌండు తాతా! వాడు అయిపోయాడు, ఒక్క రౌండు!"

ముసలాయన స్పాంజి చేతిలోకి తీసుకున్నాడు.

స్పాంజి గాల్లోకి లేచింది.

"అమ్ముడుపోయాడ్రా ముసలోడు!" బరి చుట్టూ ఒకటే అరుపు.

పాస్కో తడుముకుని ఆ నెత్తుటి స్పాంజి తీసి ముసలాయన మొహాన కొట్టాడు. "ఎంతకి అమ్మావురా నన్ను?"

ముసలాయన మొహం తుడుచుకున్నాడు.

"ఇంటికి నడిచి వెళ్లు నాయనా. నాకదే చాలు."

ఆయన మూట రోడ్డు మీద పారేశారు. రాళ్లు రువ్వుతూ ఊరి పొలిమేర దాటించారు. పాస్కో ఆపలేదు.

తమ్సిన్ పేరు మూడో రోజుకి గాని గుర్తు రాలేదు.

రెండు నెలల తర్వాత, మళ్లీ ఆదివారం. నెల పాపని భుజాన వేసుకుని పాస్కో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎదురుగా గెరటీ వచ్చి టోపీ తీశాడు.

"ఇన్నాళ్లూ షెరీఫు జైల్లో పెట్టాడు. నన్నేలే, బగ్గీల బాబుల్ని కాదు. ఆ ముసలాయనెక్కడ?"

"తరిమేశాం. నువ్వే కొన్నావుగా!"

"నేనా?" గెరటీ మెట్టు మీద కూలబడ్డాడు. "ఆ స్పాంజి లేవకపోతే నిన్ను చంపేసేవాణ్ణి. నీకు చూపు లేదని తెలుస్తూనే ఉంది. అయినా, అంతమంది అరుస్తుంటే చెయ్యి ఆగదురా. నాలుగేళ్ల కింద ఒకసారి ఆగలేదు."

జేబులోంచి వెలిసిపోయిన నీలం రుమాలు తీశాడు.

"ఇది అప్పుడు నా చేతిలో పోయిన కుర్రాడిది. ముసలాయనకిచ్చెయ్యాలి. ఇక వట్టి చేతుల్తో కొట్లాడను. తొడుగులుంటేనే బరిలోకి దిగుతా."

పాప పాస్కో చెవి పట్టుకుని లాగింది. ఆ దెబ్బ పడిన చెవే. అతను పాపని తీసుకెళ్లి తమ్సిన్ చేతికిచ్చాడు.

"ఉత్తరం దారి పట్టాడు," అన్నాడు గెరటీతో. "కాలినడకన పోయే ముసలాణ్ణి దారిలో ఎవరో ఒకరు చూసే ఉంటారు. పద, వెతుకుదాం."

తమ్సిన్ మాంసం కూరిన రొట్టెలు మూడు గుడ్డలో కట్టి ఇచ్చింది.

"మూడెందుకు?"

"దొరికాక ఆయనకి ఆకలెయ్యదా?"

ఊరు దాటుతుంటే పాస్కో ఆగాడు.

"ఆయన పేరేంట్రా? నలుగుర్నీ అడగాలంటే పేరు కావాలిగా."

"నాకూ తెలీదు," అన్నాడు గెరటీ. "ఆ కుర్రాడు ఆఖరుసారి ఆయన మోకాలి మీద కూచుని, 'ఇంకొక్క రౌండు నాన్నా' అన్నాడు. నేను విన్నదంతే."