కింది ఇంట్లో టీవీ

"ఇవాళ ఆ టీవీ అయినా ఉండాలి, నేనైనా ఉండాలి" అంటూ మాల్‌సూన్ మామ్మ మూడో అంతస్తు మెట్లు దిగింది. సగం తరిగిన ముల్లంగి చేతిలో అలాగే ఉంది. వెనకాలే వాచ్‌మన్ బే, టోపీ సర్దుకుంటూ పరుగు.

"మామ్మగారూ, ఒక్క మాట వినండి. ఆ ఇంటివాళ్ళు..."

"వింటూనే ఉన్నానయ్యా! వాళ్ళు దిగిన రోజు నుంచీ వింటున్నాను. పొద్దున్నే వార్తలు, మధ్యాహ్నం బొమ్మలు, సాయంత్రమైతే ఫ్రిజ్జులు అమ్మేవాళ్ళ కేకలు. నేల అదిరిపోయి నా కిమ్చీ పచ్చడి జాడీల మూతలు గలగలలాడుతున్నాయి. నువ్వు మాట్లాడకుండా నాతో రా, చాలు."

బూసాన్ ఉక్కపోతకి ఆ వరసలో తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. కింది ఇంటి తలుపుకీ పాత చెప్పు ఒకటి అడ్డం పెట్టి ఉంది. మామ్మ బెల్లు నొక్కింది. ఎవరూ పలకలేదు. అరచేత్తో తలుపు బాదింది. అయినా పలకలేదు. ఇక లాభం లేదని చెప్పులు విడిచి, ముల్లంగితో సహా లోపలికి నడిచింది.

సగం గోడంత టీవీ. దానికి జానెడు దూరంలో నాలుగేళ్ళ పిల్లాడు. టీవీలో ఒకావిడ చేపల పులుసు ఎలా కాచాలో చెబుతోంది. వాడు ఆవిడ పెదాల మీద వేలు ఆనించి, ఆవిడ నోరు ఎలా కదిలితే తన నోరు అలా కదుపుతున్నాడు. గొంతులోంచి మాత్రం ఏమీ రావడం లేదు.

వాళ్ళమ్మ గుమ్మానికి వీపు పెట్టి, పక్కన బస్తా వేసుకుని కూలికి వెల్లుల్లి ఒలుస్తోంది. ఇంట్లోకి మనుషులు వచ్చినా తల తిప్పలేదు.

"చూశావా పొగరు!" అంది మామ్మ.

"పొగరు కాదండీ, ఆ అమ్మాయికి..."

"నువ్వూరుకో బే. ఈ పసివాణ్ణి మెట్ల దగ్గర ఎప్పుడు పలకరించినా గుడ్లప్పగించి చూస్తాడు. ఇంత వయసొచ్చింది, అమ్మా అని కూడా అనడు. రేపు బడిలో వేస్తే పంతులమ్మకి ఏం చెబుతాడు? దాహమేస్తే ఎలా అడుగుతాడు? ఈ మాయదారి పెట్టె వాడి నోరు మింగేసింది."

అంటూనే వెళ్ళి టీవీ ప్లగ్గు పీకేసింది.

ఇల్లంతా ఒక్కసారిగా మూగబోయింది. ఆ తల్లి మాత్రం ఒలుస్తూనే ఉంది. పిల్లాడు వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకు లాగితే అప్పుడు తిరిగింది. నల్లబడ్డ టీవీని చూసింది. మామ్మ చేతిలో వైరు చూసింది. ఉలిక్కిపడి లేచి, నడుం వంచి దండం పెట్టింది.

"దండాలెందుకు? నోరు విప్పి చెప్పు. వియత్నాం కోడలివా ఏమిటి, మన కొరియా మాట రాదా?" అని, మామ్మ ఒక్కో ముక్కా విడదీసి ఇంకా గట్టిగా అరిచింది. "టీవీ! వద్దు! బిడ్డ నోరు! పాడైపోతోంది!"

ముల్లంగితో టీవీనీ, పిల్లాడి నోటినీ చూపించింది. ఆ అమ్మాయి కూడా టీవీనీ, పిల్లాడి నోటినీ చూపించి, రెండు చేతులూ జోడించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇదెక్కడి చోద్యం! టీవీ కట్టేస్తే పిల్లలు ఏడవడం చూశాను గానీ తల్లి ఏడవడం చూడలేదు."

మామ్మ మోకాళ్ళు పట్టుకుని మెల్లగా నేల మీద కూలబడింది. పిల్లాణ్ణి దగ్గరకు లాక్కుంది.

"నీ పేరేంట్రా బంగారం? నేను మామ్మని. ఏదీ, మా...మ్మ."

వాడు వేలు తెచ్చి ఆమె పెదాల మీద పెట్టాడు. చటుక్కున తీసేశాడు. మళ్ళీ పెట్టాడు. ఇందాకటి పెదాలు చల్లగా అద్దంలా ఉన్నాయి, ఇవి వెచ్చగా కదులుతున్నాయి. అరచెయ్యి ఆమె గొంతు మీద ఆనించాడు. "మా...మ్మ" అని ఆమె అన్నప్పుడల్లా చేతి కింద గొంతు అదురుతుంటే నోరంతా తెరిచి నవ్వాడు. ఆ నవ్వుకీ చప్పుడు లేదు.

"చూశావా అమ్మాయ్, ఇలా మాట్లాడాలి బిడ్డతో! రెండు మాటలు మాట్లాడితే నీ సొమ్మేం పోయింది?"

ఆ అమ్మాయి మామ్మ చేతిలోంచి వైరు మెల్లగా తీసుకుని మళ్ళీ గోడకి పెట్టింది. టీవీ మేలుకుంది. సౌండు ఇంకా ఇంకా పెంచింది. జ్వరం వచ్చిన బిడ్డ నుదురు చూసినట్టు టీవీ మీద అరచెయ్యి పెట్టి చూసుకుని, సరే అన్నట్టు తల ఊపింది. పిల్లాణ్ణి తీసుకెళ్ళి దాని ముందు కూర్చోబెట్టింది. వాడు మెడ తిప్పి మామ్మ నోటి వంకే చూస్తున్నాడు.

మెట్ల మీదకు వచ్చేసరికి మామ్మ ఆగి, ముల్లంగితో ఆ గుమ్మం వైపు చూపించింది.

"రాయి బే, అది తల్లి కాదు, రాయి. కన్నబిడ్డతో ఒక్క మాట మాట్లాడదు. ఆ పెట్టెని కొన్న డబ్బుతో ఏ దిక్కుమాలిన సుఖం కొనుక్కుందామనుకుందో!"

బే టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఇప్పుడైనా నన్ను చెప్పనిస్తారా?"

"చెప్పి ఏడువు."

"మొగుడూ పెళ్ళాం ఇద్దరికీ పుట్టుచెవుడు, నోట మాట లేదు. ఆ ఇంట్లో చెవులు వినిపించేది వాడొక్కడికే. వాడికి మాటలు నేర్పుతుందని కొన్నారు మామ్మగారూ, ఆ టీవీని."