ఊపిరి గొట్టం

"తాళం తిప్పకు!"

జీపు కిందనుంచి అన్నయ్య అరిచాడు. చెల్లెలి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కిందికి దిగి వంగి చూసింది.

షెడ్డు నేల మీద అతను వెల్లకిలా పడుకుని ఉన్నాడు. వెనక చక్రాలను కలిపే ఇరుసు పైన చిన్న కన్నం నోరు తెరుచుకుని ఉంది.

"ఏంటిది?"

"దీనికి ఊపిరి గొట్టం లేదు. ఇలాగే వాగులో దిగావంటే మళ్లీ కిందటి నెల కథే."

ఆ కథ ఇద్దరికీ గుర్తే. వాగుకి అటూ ఇటూ సరుకులు చేరవేసే బండి అది. నడిపేది ఆమె, బాగుచేసేది అతను. పరుగెత్తిన ఇరుసు వేడెక్కుతుంది. చన్నీళ్లలో మునగగానే లోపలి గాలి కుంచించుకుపోయి, ఆ కన్నంలోంచి నీళ్లు పీల్చుకుంటుంది. అలా తాగి తాగి, కిందటి నెల బేరింగు పట్టేసింది. బండి వాగు మధ్యలో మొరాయించింది. ఆమెను తాడేసి లాగాల్సి వచ్చింది.

కన్నానికి రబ్బరు గొట్టం తగిలించి, రెండో కొసను సీటు వెనక ఎత్తున కట్టేస్తే ఆ బెడద ఉండదు.

"అప్పుడే వేస్తానన్నావుగా అన్నయ్యా?"

అతను కన్నం చుట్టూ మట్టి తుడిచాడు.

"వేసి ఉంటే ఈపాటికి అమ్మ దగ్గరుండేదాన్ని. నేను వెళ్లేలోపు అమ్మకేమన్నా అయితే నీ బద్ధకాన్ని జన్మలో క్షమించను."

"సరే. ఆ స్పానరు ఇటివ్వు."

అమ్మను నిన్న అంబులెన్సులో వాగు దాటించి ఆసుపత్రికి తీసుకెళ్లారు. పిన్ని తోడు వెళ్లింది. ఆ తర్వాతే వాగు పొంగింది. హడావుడిలో అమ్మ కళ్లజోడు మంచం మీదే ఉండిపోయింది. ఇప్పుడది చెల్లెలి గుప్పిట్లో ఉంది. జోడు లేకపోతే అమ్మ మనిషిని పోల్చుకోలేదు.

"పిన్నితో మాట్లాడావా?"

"పొద్దున్నే."

"ఏమంది?"

స్పానరు ఆగింది. మళ్లీ తిరిగింది. "ఇప్పుడు నొప్పేం లేదంది."

"హమ్మయ్య! నీ ఫోనివ్వు, అమ్మతో ఒక్క మాట మాట్లాడతాను. కరెంటు లేక నాది చచ్చింది."

"చేతులనిండా గ్రీజు. ముందు పని కానీ. వాగు చూసిరా, తెల్లగీత కనబడుతోందా?"

కూలిన వంతెన రాతి మీద గీసిన గీత అది; నీళ్లు తగ్గితేనే బయటపడుతుంది. షెడ్డు గుమ్మంలోంచే ఆమె తొంగి చూసింది.

"లేదు. అయితే ఏంటి? అమ్మ కోసం మునిగినా ఫరవాలేదు."

"గీత కనబడకుండా దిగొద్దని అమ్మ ఎన్నిసార్లు చెప్పేది?"

"ఇవాళ కూడా చెబుతుంది. తిట్టనీ. తిట్టినా నా పేరు పెట్టేగా తిడుతుంది!"

అతను గొట్టం కొలిచి కోశాడు. పొట్టిదైంది. పక్కన పడేసి ఇంకో ముక్క కోశాడు.

"జుట్టు నెరిసిన మెకానిక్కువి, మూరెడు గొట్టం కొలవలేవా? నత్తకి నడక నేర్పేలా ఉన్నావు. క్లిప్పులకి డ్రిల్లు తేనా?"

"అక్కర్లేదు. క్లిప్పుల కన్నాలు ముందే ఉన్నాయి."

"ఎవరు పెట్టారు?"

"ఎవడో పనిమంతుడు."

ఆమెకు నవ్వొచ్చింది. అతను గొట్టం పై కొస ఆమెకిచ్చాడు. "ఊదు. ఎక్కడన్నా మూసుకుపోయిందేమో చూద్దాం."

ఆమె ఊదింది. అతను కింది కొసను చెంపకి ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు.

"వస్తోందా?"

"వస్తోంది. ఇంకోసారి ఊదు."

మళ్లీ ఊదింది. అతను మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

"ఏమైంది?"

"నూనె పడింది. వాగు చూసిరా."

అలా ఎన్నిసార్లు పంపాడో లెక్కలేదు. ఎండ గుమ్మం దాటి లోపలికొచ్చింది. చివరికి ఆమె గుమ్మంలోంచి కేక పెట్టింది. "గీత! అన్నయ్యా, గీత కనబడుతోంది!"

పొద్దుటినుంచీ తెమలని పని చిటికెలో తెమిలిపోయింది. అతను చేతులు కడుక్కుని ఆమె పక్కన ఎక్కి కూర్చున్నాడు.

జీపు వాగులో దిగింది. నీళ్లు ఇరుసుని ముంచి, మెట్టు దాకా వచ్చి, తగ్గాయి. బండి అవతలి ఒడ్డు ఎక్కింది.

"ఎక్కడా తడబడలేదు చూశావా! బద్ధకస్తుడివే కానీ పనిమంతుడివి. పద, అమ్మ కళ్లు కాయలు కాస్తుంటాయి."

"బండి పక్కకి ఆపు, తుఫానూ."

అమ్మ తప్ప ఆ ముద్దుపేరుతో పిలిచేవాళ్లు లేరు. ఆమె బండి ఆపి అతని వైపు తిరిగింది. అతను ఆమె ఒళ్లోంచి కళ్లజోడు తీసుకుని, చొక్కా అంచుతో అద్దాలు తుడుస్తూ కూర్చున్నాడు.

కిందటి నెలే తను బిగించిన ఊపిరి గొట్టాన్ని, ఆ పొద్దున "అక్క పోయిందిరా" అని పిన్ని ఫోనులో ఏడ్చాక, చెల్లెలు నిద్ర లేవకముందే అతనే ఊడబెరికాడు.