ఎనిమిదిమందికో బల్ల

"దూరమైనా సరే, పేరున్నదానికే వెళ్లు నాన్నా. బండి ఖర్చు నేను పెట్టుకుంటాను," అంది కూతురు, కూరగాయల కత్తి పక్కన పడేసి.

"పేరు కొరుక్కు తింటానా?" అన్నాడు తండ్రి.

వారంగా ఆ వంటింట్లో ఇదే గొడవ. రెండూ సర్కారు యూనివర్సిటీలే. రెండూ పెద్దవే. ఒకటి వేరే ఊళ్లో, మూడు గంటల దారి. రెండోది ఇక్కడే, కూతురు నడిపే సిటీబస్సు దారిలో. దూరందానికి బండి మనమే మాట్లాడుకోవాలి. దగ్గరిదైతే వాళ్లే పంపుతారు, పైసా అక్కర్లేదు.

తండ్రి వడ్రంగి. మనిషి పొడుగు చూసి వీధి వీధంతా నిచ్చెన అని పిలుస్తుంది. ఐదో తరగతిలో పంతులు చెవి మెలిపెడితే, ఆయన కళ్లముందే పలక విరగ్గొట్టి ఇంటికొచ్చినవాడు. మళ్లీ బడి గడప తొక్కలేదు.

అందుకే ఎదురింటి సెలూన్ ఆయనకి నవ్వాగలేదు.

"ఏం నిచ్చెన బావా! బతికినన్నాళ్లూ బడంటే పారిపోయి, ఇప్పుడు యూనివర్సిటీయా? చదవేస్తే ఉన్న మతి పోయిందట, జాగ్రత్త!"

"ముందు నువ్వు ఆ గడ్డం పూర్తిగా గియ్యి," అన్నాడు నిచ్చెన.

పని మానుకుని రెండూ చూసొచ్చాడు. వెళ్లినవాళ్లెవరైనా భవనాలు చూస్తారు, తోటలు చూస్తారు. ఈయన బల్లలు చూశాడు. జేబులోంచి టేపు తీసి కొలిచాడు కూడా.

పేరున్నచోట బల్ల ఆయనకి చాలలేదు.

"నా కాళ్లేం చేసుకోను?" అన్నాడు.

చూపించడానికొచ్చిన గుమాస్తా నవ్వాడు. ఒక్కో బల్ల చుట్టూ ముప్పైమంది పిల్లలట.

"వెనకున్నవాడికి ఏం కనబడుతుంది?"

"ముందున్నవాణ్ణి అడిగి తెలుసుకుంటాడు."

నిచ్చెన టేపు చుట్టుకుని, వెళ్లొస్తానని కూడా అనకుండా బయటికొచ్చేశాడు.

దగ్గరిదాంట్లో గోడల సున్నం పెచ్చులూడుతోంది. పేరు కూడా అంతంతమాత్రమే. కానీ బల్ల పొడుగ్గా ఉంది. బల్లకి ఎనిమిదిమందే. పెద్ద పంతులమ్మ దగ్గరుండి చూపించింది.

"ఇక్కడ ప్రతివాడూ చెయ్యి పెట్టి నేర్చుకోవాల్సిందే. చూసి నేర్చుకుంటానంటే కుదరదు," అంది.

మొదటిసారి ఒక పంతులు మాట ఆయన చెవికి నొప్పి కలిగించలేదు. కొయ్యపనీ అంతే. చూసి నేర్చుకున్నవాడు చేసిన కుర్చీ కూర్చున్నవాణ్ణి పడేస్తుంది.

"చెయ్యి తిరగనివాడి చేతిలోనే పోయింది మీ అమ్మ," అన్నాడు ఆ సాయంత్రం కూతురితో. "పట్టా గోడకి వేలాడుతూనే ఉంది. సూది పట్టుకుంటే చెయ్యి వణికింది. వెనక వరసలో నిలబడి చదివొచ్చిన రకం. వాణ్ణి నేను క్షమించను. వాణ్ణి తయారుచేసి పంపిన బడిని అసలే క్షమించను."

"అమ్మ సంగతి ఇప్పుడెందుకు నాన్నా?"

"ఇంకెప్పుడు?"

పొయ్యి మీద పాలు పొంగి మంట ఆరింది. ఆమె తుడుస్తూ అంది:

"రోజుకి ఆరుసార్లు ఆ గేటు ముందు బస్సాపాలి నేను. నావల్ల కాదు."

"సిగ్గా?"

"సిగ్గనే అనుకో."

ఆమె ఊఁ అననిదే రెండుచోట్లా ఆయన్ని తీసుకోరు. కన్నబిడ్డ ఒప్పుకోవాలట. ఆమెని బడిలో వేసిననాడు ఆయన సంతకం అడిగారు. ఇప్పుడు ఆయన వెళ్తానంటే ఆమె సంతకం అడుగుతున్నారు. తాడిచెట్టంత మనిషిని, నేను పెంచినదాని సెలవు కోసం ఎదురుచూడాలా అని పళ్లు నూరుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె బస్సెక్కాడు. డ్రైవరు సీటు వెనకే కూర్చున్నాడు.

యూనివర్సిటీ గేటు దగ్గర బస్సాగింది. పిల్లలు తోసుకుంటూ దిగుతున్నారు. ఆమె అద్దంలో తండ్రిని చూసింది. గేటువైపు మాత్రం తల తిప్పలేదు.

"చూశావుగా. ఇక్కడ ఆపకుండా పోవడానికి లేదు," అంది.

"అందుకే ఇదే కావాలంటున్నా."

"ఏమిటీ?"

"బల్లదేముందే, ఎలాగో సర్దుకునేవాణ్ణి. ఆ దూరందానికి పోతే నువ్వు ఆ వైపుకి ఎప్పుడొస్తావు? ఇక్కడైతే తిట్టుకుంటూనైనా ఆగుతావు."

వెనక హారన్లు మోగాయి. ఎవరో "అమ్మా, బండి కదుపుతావా, దిగి నడవమంటావా?" అని అరిచారు. ఆమె చాలాసేపటిదాకా గేరు వెయ్యలేదు. అప్పుడు మొదటిసారి గేటువైపు చూసింది.

సోమవారం ఇద్దరూ కలిసే వెళ్లారు. పెద్ద పంతులమ్మ లేచి నిలబడి, ఆయన్ని కూర్చోబెట్టాకే తను కూర్చుంది. నిచ్చెన ఐదో తరగతి అక్షరాలతో వంకరగా సంతకం చేశాడు. దాని కింద కూతురు చేసింది, కాగితం చిరుగుతుందేమో అన్నట్టు కలం నొక్కి.

"ఈయన ప్రాణం పోయిన ఆరు గంటల్లోపు కబురందితే మా బండి వచ్చి శరీరాన్ని మా డాక్టరీ పిల్లల కోసం తీసుకొస్తుంది, మరి ఆ ఫోన్ చేసేదెవరు?" అని పంతులమ్మ అడిగితే, కూతురు కిటికీలోంచి తన బస్సు ఆగే చోటు చూస్తూ "నేనే" అంది.