షేరు కుడి పక్క

"కండ్లు ఏ రంగు కాకా?" అడిగాడు ముస్తఫా.

హన్మండ్లు స్టూలు మీద కూర్చుని తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. మళ్లీ తలకు చుట్టుకున్నాడు.

బోధన్ బస్టాండు వెనక సందులో ముస్తఫాది చిన్న డబ్బా దుకాణం. ఒకప్పుడు ఊళ్లో సగం బోర్డులు అతని చేతి రాతే. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. ఇప్పుడు చనిపోయినవాళ్ల బొమ్మలు గీస్తాడు. పాత ఫోటో ఇస్తే చాలు, గోడకు తగిలించి దండ వేసుకునేటట్టు గీసి ఇస్తాడు. కుక్క బొమ్మ కావాలని వచ్చింది మాత్రం ఈయనొక్కడే. అదీ ఫోటో లేకుండా.

"ఫోన్ల గూడ ఒక్కటి లేదా?"

"నాది బటన్ల ఫోను భాయ్. అది చచ్చిపోయి నెల అయితుంది. ఇప్పుడేడ తీస్త?"

"సరే, నోటితోని చెప్పు. నువ్వు చెప్పుకుంట పో, నేను గీసుకుంట పోత."

హన్మండ్లు చెప్పడం మొదలుపెట్టాడు. గోధుమ రంగు ఒళ్లు. ఎడమ చెవి కొస నల్లగా, సిరాలో ముంచి తీసినట్టు. ఎడమ కన్ను కింద వెంట్రుక మొలవని మచ్చ, కందిగింజంత. ఎడమ ముందుకాలికి తెల్లటి పట్టీ. మెడకు ఎర్ర రిబ్బను, దానికో గజ్జె. ఆ రిబ్బను కట్టింది పసిచేతులని చూడగానే తెలిసిపోతుంది, ముడి మీద ముడి, మూడు ముళ్లు. పొట్ట మీద వెంట్రుకలు ఏ వైపు తిరిగి ఉన్నాయో కూడా చెప్పాడు. చెబుతూ చెబుతూ తువ్వాల కొసతో కళ్లు ఒత్తుకున్నాడు.

ముస్తఫా పెన్సిలు పక్కన పెట్టి చాయ్ తెప్పించాడు. ఎట్లా చచ్చిపోయిందని అడగలేదు. గ్లాసు తెచ్చి చేతిలో పెట్టాడంతే. ఈ నెల రోజుల్లో హన్మండ్లుకు దొరికిన ఆదరణ అదొక్కటే.

"మంచిగ సాదినవ్ కాకా. మా ఇంట్ల మనుషుల గురించి అడిగితే గూడ నేను గింత చెప్పలేను."

హన్మండ్లు తాగకుండానే గ్లాసు కింద పెట్టేశాడు.

"ఇగ కుడి పక్క చెప్పు."

"కుడి పక్క..." హన్మండ్లు తల వంచుకున్నాడు. "నాతోని అయితలేదు భాయ్."

"కండ్ల రంగు?"

"అదీ గంతే."

"ఫికర్ చెయ్యకు. దుఃఖంల గట్లనే అయితది. నా దగ్గరికి సగం చెదలు తిన్న ఫోటోలు తెస్తరు. ఉన్న సగం చూసి లేని సగం గీస్త. ఇంతవరకు ఎవ్వలు వంక పెట్టలేదు." కాగితం తిప్పి చూసుకున్నాడు ముస్తఫా. "కింద పేరేం రాయాలె?"

"షేరు అని రాయి. పిల్ల గట్లనే పిలుస్తది."

"మనుమరాలా? ఎట్లున్నది మరి?"

"బువ్వ ముడతలేదు. పొద్దూకితే గట్ల పొంటి తిరుక్కుంట షేరూ, షేరూ అని పిలుస్తది. నాకు చెవులు మూసుకోబుద్ధి అయితది. గీ బొమ్మ చూస్తెనన్న రెండు ముద్దలు తింటదేమోనని ఆశ."

వారం తర్వాత బొమ్మ చేతికొచ్చింది. షేరు ఎదురుగా కూర్చుని, నాలుక బయటపెట్టి, పిలిస్తే లేచి వచ్చేటట్టుంది. రెండు చెవుల కొసలూ నలుపు. రెండు కళ్ల కిందా మచ్చ. రెండు కాళ్లకూ తెల్ల పట్టీలు. హన్మండ్లు చాలాసేపు ఆ తెరిచిన కళ్లనే చూశాడు. తర్వాత తువ్వాలలో చుట్టి, షేరింగ్ ఆటోలో కోటగిరి దాకా ఒళ్లోనే పెట్టుకుని తెచ్చాడు.

షేరును పెంచుకున్న పిల్ల సంజన. వాళ్ల ఇల్లు హన్మండ్లు తోటకు కాలువ అవతల. ఈ నెలలో ఆయన అక్కడికి రావడం నాలుగోసారి. లోపల తల్లి బీడీలు చుడుతోంది. ఎనిమిదేళ్ల సంజన గడప మీద కూర్చుని ఉంది. పక్కనే సత్తుగిన్నెలో పాలూ అన్నం కలిపి పెట్టి ఉంది. చీమలు పట్టాయి.

"ఏం తెచ్చినవ్ తాతా?"

హన్మండ్లు గడప పక్కన కూర్చుని తువ్వాల విప్పాడు.

పిల్ల మొహం వెలిగింది. వేలితో ఎర్ర రిబ్బనును తడిమింది. చెవి కొసను తడిమింది. వేలు రెండో చెవి మీదికి జరిగి ఆగిపోయింది.

"గీ చెవి గిట్లుండదు తాతా. సగమే ఉంటది. చిన్నగున్నప్పుడు కోతి కొరికింది."

హన్మండ్లు తువ్వాల మడతపెట్టడం మొదలుపెట్టాడు.

"కండ్లు గూడ గిట్ల కాదు. ఒకటి నల్లగుంటది, ఒకటి తేనె లెక్క." ఇంకాసేపు చూసింది. "గిది షేరు కాదు."

ఏడవలేదు. బొమ్మను మెల్లగా ఆయన ఒళ్లో పెట్టేసింది. ఆయన మొహం చూసి ఏమనుకుందో, మళ్లీ తీసుకుంది. షేరు కుడి చెంప మీద అరచెయ్యి పెట్టి మూసింది.

"గిట్ల చూస్తే షేరే," అంది, ఆయన్ను ఊరడిస్తున్నట్టు. "గీ సగం మస్తు గీసిండు. షేరు వచ్చినంక గీసినాయన దగ్గరికి నేనే పట్కపోత. చూసి సక్కగ చేస్తడు."

హన్మండ్లు వంగి పాలగిన్నెలోని చీమలను వేలితో తీయసాగాడు.

"ఎడమ పక్క గింత మంచిగ గీయించినవ్ కద," అంది సంజన. "కుడి పక్క ఎందుకు చూడలేదు తాతా?"

హన్మండ్లు ఆ కుక్కను చూసింది ఒక్కసారే, పందులు రాకుండా తన చెరుకు తోట చుట్టూ తానే కట్టిన కరెంటు తీగ పక్కన, అది కుడివైపు ఒరిగి కళ్లు మూసి పడి ఉన్న తెల్లవారుజామున.