మనవడి చొక్కా దొంగ

"అత్తయ్యా, బాబు చొక్కాతో పుట్టాడు!" అని ఆసుపత్రి నుంచి యాగోదా ఫోనులో చెప్పింది.

స్తోయాంకా చెవికి అది "చక్కగా పుట్టాడు" అని చేరింది.

"మా ఇంట వంకరగా పుట్టిందెవరు?" అనేసి ఫోను పెట్టేసి, పాలు కాచుకోవడానికి పోయింది.

వాళ్లుండే మొరావా లోయలో చొక్కాతో పుట్టడమంటే ఉమ్మనీటి సంచి పొర చిరగకుండా, దాన్ని ఒంటికి చుట్టుకుని పుట్టడం. అలాంటి బిడ్డకు పదిమందికీ కనిపించనిది కనిపిస్తుందట. ఆ పొరను ఎండబెట్టి, గుడ్డలో కుట్టి దాచినంతకాలమే ఆ చూపు.

సాయంత్రం కొడుకు నోట ఆ సంగతి సరిగ్గా విన్న స్తోయాంకా, దొరికిన బస్సెక్కి ఆసుపత్రికి పరుగెత్తింది.

"చొక్కా ఏదే?"

"ఇచ్చేశానత్తయ్యా."

"ఎవరికి?"

"కంటి డాక్టర్లకి. కాన్పుకు ముందే అడిగారు, సరేనన్నాను. ఆ పొరతో ఎవరికో కన్ను బాగవుతుందట."

"ఎవరికో! ఊరూ పేరూ లేని ఎవరికో నా మనవడి చూపు దానం చేశావా? ఫోను చేసినప్పుడే చొక్కా మాట గట్టిగా చెప్పొద్దూ?"

"గట్టిగానే చెప్పాను. మీరే చక్కగా విన్నారు."

బిడ్డకు విదోయే అని పేరు పెట్టారు. వాళ్ల భాషలో ఆ పేరులోనే చూపు ఉంది. అత్తాకోడళ్ల మధ్య మాత్రం చూపుల్లేవు, మాటల్లేవు.

ఉన్న మాటలన్నీ శుక్రవారం సంతకే పోయేవి. అక్కడ స్తోయాంకా కాయ్‌మాక్ అమ్ముతుంది. కాచిన పాల మీద కట్టిన మీగడ పొరను చిరగకుండా ఎత్తి, పొర మీద పొర పరిచి, ఉప్పు చల్లి మాగబెట్టిన సరుకు అది. ఆ శీతాకాలమంతా మీగడ కొన్నవాళ్లకు ఒక శాపం ఉచితంగా దొరికింది.

"మాయ పొర మాయం చేశారే పెర్సిదా! దాన్ని ఎవడు కంటికి అతికించుకున్నాడో, ఆ దొంగ కళ్లు పేలిపోను!"

పక్కబల్ల మీద మిరపకాయలమ్మే పెర్సిదా అనేది, "నెమ్మదిగా తిట్టవే, మీగడ పులుస్తుంది."

వసంతం వచ్చింది. ప్లమ్ చెట్ల మొదళ్లకు సున్నం వేస్తూ కూడా స్తోయాంకా అదే పాట. "ఆ దొంగ కళ్లు..." దగ్గర చెయ్యి విసిరింది. చేతిలో కుంచె ఉంది. సున్నం తన కుడికంట్లోనే పడింది.

అరుపు విని పరుగెత్తుకొచ్చిన యాగోదా నీళ్లు పోసి పోసి కడిగి, బండెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లింది.

అక్కడ కంట్లో చుక్కలు వేశారు. చుక్కలు కనిపించాయి గాని చూపు కనిపించలేదు. వారాలు గడిచినా కంటి మీద పుండు మానలేదు.

"ఇలాగే వదిలేస్తే మచ్చ కట్టి ఆ కన్ను పోతుంది" అంది డాక్టర్ స్లావ్కా. "పైన ఒక పొర కప్పి కుడతాను."

"పొర కమ్మితే కనిపించదంటారు గదమ్మా!"

"ఈ పొర వేరు. ఇందులో ప్రోటీన్లున్నాయి."

"గుడ్డులో ఉండేవా?"

"కనుగుడ్డుకు పనికొచ్చేవి." డాక్టర్ నవ్వింది. "కొన్ని కొత్త కణాలను రమ్మని పిలుస్తాయి. కొన్ని వాపును తగ్గమంటాయి. కొన్ని మచ్చ కట్టొద్దంటాయి. పని కాగానే పొర దానంతటదే కరిగిపోతుంది."

"చెప్పా పెట్టకుండా?"

"చెప్పా పెట్టకుండా."

స్తోయాంకా నొప్పి మరిచిపోయి లేచి కూర్చుంది. "మా మీగడంత పల్చగా ఉంటుందా?"

"ఇంకా పల్చన. చిరగకుండా ఎత్తడమే కష్టం."

"అదంతా చేతి నేర్పు!" అని మెచ్చుకుంది. "ఇంతకీ ఏ జంతువుదమ్మా?"

"జంతువుది కాదు. ఒక తల్లి తన కాన్పప్పుడు ఇచ్చింది. బిడ్డను చుట్టుకుని ఉండే పొర."

స్తోయాంకా డాక్టర్ చెయ్యి పట్టుకుంది.

"ఎవరి బిడ్డ?" అంది.

"పేర్లు చెప్పరు. నాకూ తెలియదు."

"మా వాడిది గాని..."

"కావచ్చు. కాకపోవచ్చు."

తలుపు దగ్గర పిల్లాణ్ణి ఎత్తుకుని యాగోదా నిలబడి ఉంది. ఒక్క మాటా అనలేదు. ఈసారి స్తోయాంకాకు అది స్పష్టంగా వినిపించింది.

"ఆ తల్లికి అత్త ఉంటుందా?" అని డాక్టర్‌ను అడిగింది.

"ఉండొచ్చు."

"అయితే ఈపాటికి తిడుతూనే ఉంటుంది." స్తోయాంకా వెనక్కి వాలి కన్ను అప్పగించింది. "కానివ్వండి."

పుండు మానింది. పొర కరిగింది. కుడికంటికి ముందు వెలుతురొచ్చింది, తరవాత రంగులొచ్చాయి, ఆ తరవాత కోడలి మొహం వచ్చింది.

"చక్కగా కనిపిస్తున్నావే అమ్మాయ్" అంది స్తోయాంకా.

"చొక్కాతోనా?" అంది యాగోదా.

ఆ శుక్రవారం సంతలో స్తోయాంకా వింతగా ప్రవర్తించింది. చంకలో బిడ్డ ఉన్న ప్రతి ఆడదాన్నీ పిలిచి చేతిలో మీగడ ముద్ద పెడుతోంది. డబ్బులిస్తే కసురుతోంది.

"ఏమే, మతిపోయిందా?" అంది పెర్సిదా. "వీళ్లంతా ఎవరే నీకు?"

"ఎవరో! వీళ్లలో ఎవరో ఒకరు." స్తోయాంకా బల్లెక్కినంత పని చేసింది. "అందరూ వినండర్రా! నా మనవడి చొక్కాను నా కోడలు పారేయలేదు, ఎవరూ ఎత్తుకుపోలేదు. అదొక మంచి పనికి పోయింది. ఆ మాట అది ఫోనులో చెప్పబోతుంటే నేనే సగం విని పెట్టేశాను. ఇంకొకరి బిడ్డ చొక్కా మాత్రం ఒక ముసల్దాని కంటికెక్కింది. దొంగ దొరికింది!"

"ఎక్కడే?" సంతంతా మెడలు తిప్పింది.

స్తోయాంకా కుడికన్ను పెద్దది చేసి, దాని కింద వేలు పెట్టి చూపించింది.

"ఇదిగో. శీతాకాలమంతా నేను తిట్టింది దీన్నే."